ఫోన్‌తో పొలం మోటారు నడిపే బోర్డు చేయాలి: యాప్ ముందు నేర్చుకోవాలా, బోర్డు ముందా?

పల్నాడు_ఈసీఈ:

అందరికీ నమస్తే. నేను ఈసీఈ మూడో సంవత్సరం. ల్యాబ్‌లో 8051 మైక్రోకంట్రోలర్ కిట్ మీద ఎల్‌ఈడీలు వెలిగించాం, స్టెప్పర్ మోటారు తిప్పాం, రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం, అక్కడితో అయిపోయింది. సీ లాంగ్వేజ్ పాయింటర్ల దాకా వచ్చు, అదీ పరీక్షకి సరిపోయేంత.

మా పొలం ఊరికి 3 కిలోమీటర్లు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. త్రీ ఫేజ్ ఎప్పుడొస్తుందో చూసుకుని నాన్న బండి మీద వెళ్లి స్టార్టర్ నొక్కి వస్తారు, మధ్యలో కరెంటు పోయి మళ్లీ వస్తే మళ్లీ బండి తీయాలి. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవ్వాలి, కరెంటు వచ్చిందో లేదో మెసేజ్ రావాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకీ పనికొస్తుందని ఆశ.

క్లాసులో అందరూ హార్డ్‌వేర్ దండగ, ఆండ్రాయిడ్ యాప్స్ నేర్చుకో అంటున్నారు. యాప్ ముందు నేర్చుకోవాలా, బోర్డు ముందా? ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీ. ఖర్చు మూడు వేలు దాటకూడదు. యూట్యూబ్‌లో ఒక్కో వీడియో ఒక్కో బోర్డు కొనమంటోంది, పిచ్చెక్కుతోంది.

కోఠీ_కుర్రాడు:

తమ్ముడూ, 4 జీబీ ర్యామ్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) తెరుచుకునేలోపు మీ నాన్నగారు పొలం వెళ్లి మోటారు వేసి తిరిగొచ్చి భోజనం కూడా చేసేస్తారు. గూగుల్ వాళ్లే కనీసం 8 జీబీ ఉండాలంటారు, ఎమ్యులేటర్ కావాలంటే ఇంకా పైన. కాబట్టి యాప్ ముందా బోర్డు ముందా అన్నది నీ ల్యాప్‌టాపే తేల్చేసింది.

ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు తీసుకో, ఇంక వేరే వీడియోలు చూడకు. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్, 520 కేబీ ర్యామ్, వైఫై బ్లూటూత్ లోపలే ఉన్నాయి. ఆర్డునో ఉనో బోర్డులో ర్యామ్ 2 కేబీ మాత్రమే, ఈఎస్‌పీ32 కూడా ఉనో నకలు బోర్డు ధరకి అటూ ఇటూగా దొరుకుతుంది. అసలు కొనేముందు వోక్వి అని ఒక సిమ్యులేటర్ ఉంది, బ్రౌజర్‌లోనే ఈఎస్‌పీ32కి ఎల్‌ఈడీ, బటన్, చిన్న డిస్‌ప్లే తగిలించి కోడ్ నడపొచ్చు, నీ 4 జీబీ ల్యాప్‌టాప్‌కి హాయిగా సరిపోతుంది. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలోకి దూరు, కెపాసిటర్ నుంచి కేసింగ్ దాకా అన్నీ అక్కడే. బోర్డు కంటే ముందు ఒక మంచి మల్టీమీటర్ కొను.

8051_మాస్టారు:

పిల్లవాడి చేతిలో ఉన్నదాన్ని పక్కన పడేయమనడం నాకు నచ్చలేదు. 8051ని ఇంటెల్ తెచ్చింది 1980లో, పాతదే, కాదనను. లోపల ర్యామ్ 128 బైట్లు. కానీ దాని లోపలి రిజిస్టర్లన్నీ రెండు పేజీల్లో ఇమిడిపోతాయి, మొత్తం చిప్పు ఒక మనిషి బుర్రలో పడుతుంది. ఈఎస్‌పీ32 రిఫరెన్స్ మాన్యువల్ ఎన్ని వందల పేజీలో ఒకసారి డౌన్‌లోడ్ చేసి చూడండి.

బాబూ, నిన్ను ఒక ప్రశ్న అడుగుతాను, గూగుల్ చూడకుండా చెప్పు. మీ ల్యాబ్ కిట్ మీద క్రిస్టల్ (చిప్పుకి క్లాక్ ఇచ్చేది) 11.0592 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. 12 అని గుండ్రంగా పెట్టకుండా ఈ వింత అంకె ఎందుకు?

పల్నాడు_ఈసీఈ:

సార్, సీరియల్ పోర్టు బాడ్ రేటు (సెకనుకి ఎన్ని బిట్లు పోవాలి) కోసమని చెప్పారు. లెక్క గుర్తు లేదు.

8051_మాస్టారు:

లెక్క ఇదిగో. 11.0592ని 12తో భాగించి, మళ్లీ 32తో భాగిస్తే సరిగ్గా 28,800 వస్తుంది. దాన్ని 3తో భాగిస్తే 9600, శేషం లేదు. టైమర్ 256 దగ్గర పొర్లుతుంది కాబట్టి రీలోడ్ విలువ 253, అంటే హెక్స్‌లో ఎఫ్‌డీ. ల్యాబ్ ప్రోగ్రాంలో మీరందరూ కళ్లు మూసుకుని టైప్ చేసే ఆ ఎఫ్‌డీ ఇక్కడి నుంచి వచ్చింది. అదే 12 మెగాహెర్ట్జ్ పెడితే 31,250 వస్తుంది, 9600కి ఏ పూర్ణాంకంతో భాగించినా దగ్గరకి రాదు, తెర మీద చెత్త అక్షరాలు పడతాయి.

ఇది ఒకసారి చేత్తో లెక్కేసినవాడికి రేపు ఏ చిప్పు ఇచ్చినా క్లాక్ ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతతో భాగిస్తున్నారు అని వెతకడం అలవాటవుతుంది. సీరియల్ బిగిన్ 9600 అని ఒక్క లైను రాసినవాడికి ఆ అలవాటు రాదు. నా గొడవ ఇంతే. ఈఎస్‌పీ32 కొనుక్కో, వద్దనను. కానీ కాలేజీ కిట్ మీద టైమరు, ఇంటరప్టు, సీరియల్ ఈ మూడూ లైబ్రరీ లేకుండా ఒకసారి రాయి. ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే అసిస్టెంట్లు ఇస్తారు.

ఫర్మ్‌వేర్_అక్క:

మాస్టారి మాటకి నా ఓటు. హైదరాబాద్‌లో ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడిచే కోడ్) టీంలో పని చేస్తున్నాను, ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. రెజ్యూమేలో అందరికీ ‘ఐఓటీ బేస్డ్ స్మార్ట్’ ఏదో ఒకటి ఉంటుంది. అందులో వోలటైల్ ఎందుకు పెట్టావు అని అడిగితే సగం మంది ఆగిపోతారు. ఇంటరప్ట్ రొటీన్ మార్చే వేరియబుల్‌ని మెయిన్ లూప్ చదువుతుంటే, కంపైలర్‌కి ఆ సంగతి తెలియదు, ఈ లూప్‌లో ఎవరూ దీన్ని మార్చట్లేదు కదా అని పాత విలువనే రిజిస్టర్‌లో దాచుకుని వాడేస్తుంది. అలా చేయకు, ప్రతిసారీ మెమరీలోంచే చదువు అని కంపైలర్‌కి చెప్పే మాటే వోలటైల్. ఆప్టిమైజేషన్ లేకుండా పని చేసిన కోడ్, అది ఆన్ చేయగానే ఆగిపోతుంది. మేము అడిగేవి ఇలాంటివే: బిట్ ఆపరేషన్లు, స్ట్రక్చర్ ప్యాడింగ్, స్టాక్ ఎంత పడుతుంది, ఇంటరప్ట్‌లో ప్రింట్ ఎందుకు పెట్టకూడదు.

ఇక నీ అసలు ప్రశ్న, యాప్ వేరు బోర్డు వేరు ఎందుకంటే, యాప్ ఆగిపోతే మనిషి తిట్టుకుని మళ్లీ తెరుస్తాడు. పొలంలో బోర్డు ఆగిపోతే దాన్ని రీసెట్ చేయడానికి అక్కడ మనిషే ఉండడు, మనిషి వెళ్లనక్కర్లేదనే కదా నువ్వది పెడుతున్నది. టేబుల్ మీద సాయంత్రం దాకా పని చేసిన కోడ్‌ని చూసి అయిపోయిందనుకోకు. ఆర్డునోలో మిల్లీస్ అనే ఫంక్షన్ ఉంది, బోర్డు లేచినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది, 32 బిట్లు. అది 49 రోజుల 17 గంటలకి నిండిపోయి మళ్లీ సున్నాకి వస్తుంది. ‘ఇప్పటి టైము, ఆపాల్సిన టైము కంటే ఎక్కువైతే మోటారు ఆపు’ అని రాశావనుకో, ఆ నిండే గంటలోనే మోటారు నడుస్తుంటే లెక్క తలకిందులవుతుంది, మోటారు వెంటనే ఆగనైనా ఆగుతుంది, ఆగాల్సిన టైముకి ఆగకనైనా పోతుంది. ఇప్పటి టైములోంచి మొదలైన టైము తీసేసి, ఆ తేడాని వ్యవధితో పోల్చు. అన్‌సైన్డ్ లెక్కలో తేడా ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది, సున్నాకి తిరిగినా సరే. ఈ ఒక్క బగ్ నీ టేబుల్ మీద ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే నువ్వు రోజూ కేబుల్ పీకుతావు.

వాచ్‌డాగ్ గురించి కూడా చదువు. కోడ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే చిప్పుని అదే రీస్టార్ట్ చేసే టైమర్ అది. వాచ్‌డాగ్ పెట్టి, దాన్ని తట్టే లైనుని టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టే మహానుభావులున్నారు, మెయిన్ లూప్ చచ్చిపోయినా ఇంటరప్ట్ మాత్రం తడుతూనే ఉంటుంది, పెట్టి లాభమేంటి.

కాపీపేస్ట్_కింగ్:

ఇంత కష్టం దేనికి బ్రో, ఇప్పుడు ఏఐని అడిగితే మొత్తం కోడ్ రాసిచ్చేస్తుంది. నేను సాయిల్ మాయిశ్చర్ ప్రాజెక్టు అలాగే చేశా, వైరింగ్ కూడా అదే చెప్పింది.

ఫర్మ్‌వేర్_అక్క:

రాసిస్తుంది, నేనూ వాడతాను. సెన్సర్‌ని ఏ పిన్నుకి పెట్టమంది?

కాపీపేస్ట్_కింగ్:

జీపీఐఓ 4 అనుకుంటా. వైఫై ఆన్ చేస్తే రీడింగ్ పిచ్చిగా వస్తోంది, సెన్సర్ చెడిపోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టా.

ఫర్మ్‌వేర్_అక్క:

ఆర్డర్ క్యాన్సిల్ చెయ్ 🙂 ఈఎస్‌పీ32లో రెండు ఏడీసీలు (సెన్సర్ ఓల్టేజీని అంకెగా మార్చేవి) ఉన్నాయి. జీపీఐఓ 4 రెండో ఏడీసీది, దాన్ని వైఫై డ్రైవర్ కూడా వాడుకుంటుంది, అందుకే వైఫై నడుస్తుంటే దాని రీడింగ్ నమ్మలేం. 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు మొదటి ఏడీసీవి, బోర్డు మీద బయటికి వచ్చినవాటిలో ఒకటి తీసుకుని అక్కడికి మార్చు. అందులోనూ 34 నుంచి 39 ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటి మీద ఎల్‌ఈడీ వెలగదు, లోపల పుల్‌అప్ కూడా లేదు. ఇవన్నీ డేటాషీట్‌లో ఉన్నాయి. ఏఐ రాసిన కోడ్‌లో తప్పు లేకపోవచ్చు, పిన్ను తప్పు. కంపైలర్ దాన్ని పట్టుకోలేదు.

యాప్_రాజు:

నేను ఆరేడేళ్లుగా ఆండ్రాయిడ్ రాస్తున్నాను, యాప్ తరఫున మాట్లాడాల్సినవాణ్ణి నేనే, అయినా చెబుతున్నా: ఈ పనికి యాప్ వద్దు. మీ నాన్నగారికి మిస్డ్ కాల్ ఇవ్వడం వచ్చు కదా, అదే నీ యూజర్ ఇంటర్‌ఫేస్. పుణెలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఇంజనీరు నానో గణేశ్ పేరుతో ఫోన్‌తో పంపు నడిపే పరికరం చేశారు, అది మామూలు బటన్ ఫోన్‌తో పనిచేసేది, స్మార్ట్‌ఫోన్లు ఊళ్లకి రాకముందు. నువ్వు కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, అదే పని నీ చేతులతో చేయడం నేర్చుకోవాలి.

యాప్ అంటే స్క్రీను, బటన్లు అనుకుంటారు. బ్లూటూత్ తీసుకో. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా చుట్టుపక్కల బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) పరికరాల కోసం వెతకాలంటే యూజర్ని లొకేషన్ పర్మిషన్ అడగాలి, మోటారు యాప్‌కి లొకేషన్ ఎందుకయ్యా అని పెద్దాయన అడిగితే చెప్పలేక చావాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి స్కాన్‌కి ఒకటి, కనెక్ట్‌కి ఒకటి విడిగా వచ్చాయి. కోడ్‌లో రెండు దార్లూ ఉండాలి. ఆ పైన ఫోన్ పక్కన పెట్టి స్క్రీన్ ఆపేస్తే డోజ్ అని ఒకటుంది, బ్యాటరీ కోసం నీ యాప్‌ని నిద్రపుచ్చుతుంది, ‘మోటారు ఆగిపోయింది’ అనే అలర్ట్ రాత్రి పదికి రావాల్సింది పొద్దున ఫోన్ తీశాక వస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివాయి, యాప్‌నే చంపేస్తాయి. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే 25 డాలర్లు ఒకసారి కట్టాలి, ఇప్పుడు కొత్తగా పర్సనల్ అకౌంట్ తెరిచినవాళ్లు 12 మంది టెస్టర్లతో 14 రోజులు నడిపించి చూపించాలి. మీ ఒక్క ఇంటి కోసం ఇదంతా దేనికి? తర్వాత ఎప్పుడైనా సరదా పుడితే కోట్లిన్ భాషలో రాసి ఏపీకే ఫైలు నేరుగా నాన్న ఫోన్లో వేసెయ్.

ఉద్యోగం కోసమైతే వేరే మాట. యాప్ ఉద్యోగాలు సంఖ్యలో ఎక్కువ, పోటీ అంతకంటే ఎక్కువ. రెండింటి మధ్య నిలబడగలిగినవాడు, అంటే బీఎల్‌ఈ ప్యాకెట్ బోర్డు వైపు ఏమవుతుందో ఫోన్ వైపు ఏమవుతుందో రెండూ తెలిసినవాడు, మా టీంలో ఒక్కడే ఉన్నాడు, అతను సెలవు పెడితే మాకు టెన్షన్.

ఖమ్మం_వైండింగ్:

మీరందరూ బోర్డు లోపలే తిరుగుతున్నారు. బయట 415 ఓల్టులున్నాయి. మాది మోటారు వైండింగ్ షాపు, ఇలాంటి ఇంజనీరింగ్ ప్రాజెక్టులు కాలిపోయి మా దగ్గరికే వస్తాయి కాబట్టి చెబుతున్నా.

బాబూ, మీ స్టార్టర్ డీఓఎల్ (సప్లైని మోటారుకి నేరుగా కలిపే రకం) అయితే దాని కాయిల్ సాధారణంగా రెండు ఫేజుల మధ్య ఉంటుంది. నువ్వు ఆన్‌లైన్లో కొనే నీలం రంగు చిన్న రిలే మీద ఏం రాసి ఉంటుందో చదువు, 10 ఆంప్స్, 250 ఓల్ట్స్ ఏసీ. దాన్ని తీసుకెళ్లి 415 కాయిల్ లైన్లో నేరుగా పెట్టకూడదు. కాంటాక్టులు అతుక్కుపోతే నువ్వు ఆఫ్ అని ఎంత కొట్టినా మోటారు ఆగదు. మధ్యలో కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కాయిల్‌ని తక్కువ ఓల్టేజీదిగా మార్చుకో, లేదంటే నీ చిన్న రిలే ఇంకో సరైన రేటింగ్ ఉన్న రిలేని లాగేలా పెట్టుకో. నీ బోర్డుకి కరెంటు ఎక్కడి నుంచి తెస్తావో కూడా ఇప్పుడే ఆలోచించు. చాలా పొలాల్లో స్టార్టర్ దాకా మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ ఉండదు, మామూలు ఫోన్ చార్జర్ పెడితే ఎలా పనిచేస్తుంది?

పచ్చ బటన్ మామూలుగా తెరిచి ఉంటుంది, దానికి ప్యారలల్‌గా ఒక రిలే, ఒక్క క్షణం కలిపి వదిలెయ్యాలి. ఎర్ర బటన్ మామూలుగా కలిసి ఉంటుంది, దానికి సిరీస్‌లో ఇంకొకటి. ఇలా పెడితే నీ బోర్డు చచ్చినా బటన్లతో చేత్తో నడుపుకోవచ్చు. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉన్నవి ఉన్నట్టే ఉంచు, ‘నేను కోడ్‌లో చూసుకుంటా’ అని పీకేయకు. ఒక ఫేజు పోయినప్పుడు వైండింగ్ కాలడానికి ఎంతోసేపు పట్టదు, నీ కోడ్ అప్పటికి ఎవరికి మెసేజ్ పంపుతూ ఉంటుందో.

ఇంకో మాట. కరెంటు రాగానే దానంతట అదే మోటారు ఆన్ అయ్యేలా మాత్రం చేయకు. ఆటో స్టార్టర్ల గొడవ మాకు బాగా తెలుసు. సప్లై రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, మోటారు లేచేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఢాం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే ఊరూరా చెప్పింది.

ఫర్మ్‌వేర్_అక్క:

ఖమ్మం గారూ, ఈ పోస్టు మా ఆఫీసులో ప్రింటు తీసి గోడకి అంటించాలి. తమ్ముడూ, తప్పనిసరి అయితే కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి, ఆ ఆగే సమయం కూడా ప్రతి బోర్డుకీ వేరుగా ఉండేలా ర్యాండమ్‌గా తీసుకో. ఇప్పటికి మాత్రం ‘కరెంటు వచ్చింది’ అని మెసేజ్ పంపి, మనిషి కాల్ చేస్తేనే ఆన్ చెయ్.

పల్నాడు_ఈసీఈ:

అందరికీ చాలా థ్యాంక్స్, ముఖ్యంగా ఖమ్మం అన్నకి. మాది డీఓఎల్ స్టార్టరే, న్యూట్రల్ లేదు, నిన్న నాన్నని అడిగి తెలుసుకున్నా. ప్రస్తుతానికి 415 జోలికి వెళ్లకుండా టేబుల్ మీద మోటారు బదులు 12 ఓల్టుల బల్బు పెట్టి చేస్తున్నా. ఈఎస్‌పీ32, రిలే మాడ్యూల్, కాల్స్ మెసేజ్‌ల కోసం సిమ్ కార్డు వేసే సిమ్ 800ఎల్ మాడ్యూల్ కొన్నా. రెండు సమస్యలు. ఒకటి, సిమ్ 800ఎల్ నెట్‌వర్క్ వెతుకుతూ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. రెండు, బోర్డు ఆన్ చేయగానే రిలే టక్‌మని ఒకసారి కొట్టుకుంటోంది, కోడ్‌లో ఎక్కడా ఆన్ చేయమని రాయలేదు.

కోఠీ_కుర్రాడు:

మొదటిది: ఏ సిమ్ వేశావు?

పల్నాడు_ఈసీఈ:

జియో.

కోఠీ_కుర్రాడు:

అది ఎప్పటికీ దొరకదు. సిమ్ 800 టూజీ మాడ్యూల్, జియోకి టూజీయే లేదు, 2016లో మొదలైందే 4జీతో. ఎయిర్‌టెల్ లాంటి టూజీ ఉన్న సిమ్ వేసి చూడు, అదీ మీ పొలం దగ్గర సిగ్నల్ చూసుకుని. ఎక్కువ కాలం ఉంచే పరికరమైతే డబ్బు ఇంకొంచెం పెట్టి ఏ7670 లాంటి 4జీ మాడ్యూల్ తీసుకో. ఏటీ కమాండ్లు (మాడ్యూల్‌కి బోర్డు పంపే ఆదేశాలు) చాలావరకు అవే, నేర్చుకున్నది వృథా పోదు.

కానీ రీస్టార్ట్ అవడం సిమ్ వల్ల కాదు, అది పవర్. సిమ్ 800ఎల్ టవర్‌తో మాట్లాడే క్షణంలో 2 ఆంప్స్ దాకా లాగుతుంది, క్షణంలో చిన్న ముక్క అంతే, మల్టీమీటర్‌లో కనిపించదు. దానికి కావాల్సింది 3.4 నుంచి 4.4 ఓల్టులు. నువ్వు ఈఎస్‌పీ32 బోర్డు మీది 3.3 పిన్ను నుంచి ఇచ్చి ఉంటావు, అవునా? ఒక 18650 సెల్ నేరుగా పెట్టు, 3.7 ఓల్టులు, సరిగ్గా మధ్యలో ఉంటుంది, మాడ్యూల్ పిన్నుల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యి, గ్రౌండ్ రెండింటికీ కలుపు. ఆ సన్నటి జంపర్ వైర్లు కూడా మార్చు. సెల్ ఉంటే ఇంకో లాభం, కరెంటు పోయినప్పుడు కూడా ‘కరెంటు పోయింది’ అని చెప్పడానికి బోర్డుకి ప్రాణం ఉంటుంది. ఈ ముక్క మీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎవరూ రాయరు, కరెంటు పోతే మెసేజ్ పంపుతుంది అంటారు, బోర్డు కూడా అదే కరెంటు మీద నడుస్తుంటుంది.

ఫర్మ్‌వేర్_అక్క:

రెండోది: రిలే ఏ పిన్ను మీద ఉంది? 0, 2, 5, 12, 15 అయితే వెంటనే మార్చు. బోర్డు లేచేటప్పుడు చిప్పు ఆ పిన్నుల మీద ఏముందో చూసి ఎలా బూట్ అవ్వాలో నిర్ణయించుకుంటుంది. 12 మీద బూట్ సమయంలో హై ఉంటే ఫ్లాష్ మెమరీకి 1.8 ఓల్టులు కావాలనుకుని మామూలు బోర్డు లేవనే లేవదు. 25, 26, 27, 32, 33లో ఒకటి తీసుకో.

పిన్ను మార్చినా కొట్టుకుంటే, నీ రిలే మాడ్యూల్ ‘లో’ (సున్నా ఓల్టులు) ఇస్తే ఆన్ అయ్యే రకం. నువ్వు ముందు పిన్ మోడ్ అవుట్‌పుట్ అని, ఆ తర్వాత లైనులో హై అని రాసి ఉంటావు. ఆ రెండు లైన్ల మధ్య పిన్ను ‘లో’గా ఉంటుంది. ముందు పిన్ మోడ్ ఇన్‌పుట్ పుల్‌అప్ అని పెట్టి, హై రాసి, ఆ తర్వాత అవుట్‌పుట్‌గా మార్చు. బల్బుకి టక్‌మంటే ఫర్వాలేదు, పచ్చ బటన్‌కి ప్యారలల్‌గా ఉన్న రిలే టక్‌మంటే మోటారు లేచింది అని అర్థం. ఖమ్మం గారు చెప్పిన ఆటో స్టార్టర్ నీకు తెలియకుండానే తయారైనట్టు.

పల్నాడు_ఈసీఈ:

అక్కా, 12 మీదే ఉంది 😅 మార్చాను, లైన్లు కూడా మీరు చెప్పినట్టే రాశాను, ఇప్పుడు చప్పుడు లేదు. సెల్ పెట్టాక మాడ్యూల్ కూడా నిలబడింది. మోటారు ఎంతసేపు నడిచిందో లెక్క కరెంటు పోయినా ఉండాలని ప్రతి సెకనుకీ మెమరీలో రాస్తున్నా, పర్వాలేదా?

ఫర్మ్‌వేర్_అక్క:

ప్రతి సెకనుకీ వద్దు. ఉనోలో ఉండే ఈప్రామ్‌కి (కరెంటు పోయినా చెరగని మెమరీ) ఒక్కో చోట లక్ష సార్లు రాయొచ్చని హామీ, సెకనుకొకసారి ఒకే చోట రాస్తే 28 గంటలకే లక్ష అయిపోతుంది. ఈఎస్‌పీ32లో ఎన్‌వీఎస్ అని ఉంది, అది ఒకే చోట కొట్టకుండా ఫ్లాష్‌లో చోట్లు మారుస్తూ రాస్తుంది కాబట్టి అంత త్వరగా చావదు, అయినా అయిదు నిమిషాలకొకసారి రాయి, ఆన్ అయినప్పుడు ఆఫ్ అయినప్పుడు రాయి. నీకు సెల్ ఉంది కాబట్టి కరెంటు పోయిన క్షణంలో ఒకసారి రాసుకునే టైము కూడా దొరుకుతుంది.

లిపి_పిచ్చోడు:

మోటారు సంగతి నాకు తెలియదు గానీ ఆ మెసేజీలు తెలుగులో పంపుతున్నావా? ఒక సంగతి గుర్తుంచుకో. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు ఒక్కటి కలిసినా మొత్తం మెసేజ్ యూనికోడ్ అయిపోయి 70కి తగ్గుతుంది. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. ‘మోటారు ఆన్ అయింది’ అంటే 17. కాబట్టి పొట్టిగా రాయి. ఏటీ కమాండ్‌లో క్యారెక్టర్ సెట్ యూసీఎస్2కి (యూనికోడ్ పద్ధతి) మార్చి, ప్రతి అక్షరాన్నీ నాలుగు హెక్స్ అంకెలుగా పంపాలి.

చిన్న ఓలెడ్ తెర మీద తెలుగు చూపిద్దామనుకుంటే ఇంకా తంటా. ఆ లైబ్రరీలకి ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ గీయడమే తెలుసు, క్ష కింద ఒత్తు ఎలా రావాలో తెలియదు. ఫోన్లో ఆ పనికి హార్ఫ్‌బజ్ లాంటి పెద్ద ఇంజన్లు ఉంటాయి. అలాంటి ఇంజన్లు ఉన్నవాళ్లే తడబడ్డారు, 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరం ఒక రకంగా టైప్ అయి వస్తే ఐఫోన్లు క్రాష్ అయ్యాయి, గుర్తుందా? మధ్యలో కనిపించని నాన్-జాయినర్ అక్షరం ఒకటి ఉండేది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. చిన్న బోర్డు మీద సులువైన దారి ఏంటంటే, కావాల్సిన పదాలని కంప్యూటర్ మీద బొమ్మలుగా చేసి ఫ్లాష్‌లో దాచుకోవడం. 128 బై 64 తెర నిండా బొమ్మ 1024 బైట్లు, ఈఎస్‌పీ32కి లెక్కే కాదు, ఉనోకి సగం ర్యామ్.

యాప్_రాజు:

ఆ జ్ఞా వారం మా ఆఫీసులో అందరూ ఒకరికొకరు పంపుకుని ఫోన్లు పాడుచేసుకున్నారు 😂

ఖమ్మం_వైండింగ్:

తెర దేనికి, పొలంలో ఎండకి కనబడదు, తేమకి నెల్లో పోతుంది. మాట్లాడించు. మెమరీ కార్డు పెట్టే చిన్న ఎంపీత్రీ మాడ్యూల్ వస్తుంది కదా, నీ గొంతుతోనే రికార్డు చేసి కాల్‌లో వినిపించు, ‘కరెంటు ఉంది, మోటారు ఆగి ఉంది’ అని. చదువురాని వాళ్లకి కూడా పనికొస్తుంది.

పల్నాడు_ఈసీఈ:

ఇది భలే ఉంది అన్నా. ఇంకొక్కటి. క్లాసులో ఒకడు అమీర్‌పేట వెళ్లి ఎంబెడెడ్ కోర్సు చేస్తానంటున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. వెళ్లాలా?

కోఠీ_కుర్రాడు:

ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా ముందు డెమో క్లాసులో కూర్చుని ఒకటే అడుగు, బోర్డు ఎంతమందికి ఒకటి అని. అయిదుగురికి ఒకటి అంటే లేచి వచ్చెయ్. నేను చేరిన చోట మొత్తం కోర్సు స్లైడ్ల మీదే అయింది, సర్టిఫికెట్ మాత్రం రంగుల్లో ఇచ్చారు.

8051_మాస్టారు:

డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి ఎంబెడెడ్ డిప్లొమా చూడు, సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష ఉంటుంది, దాదాపు ఆరు నెలలు. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితం, పరీక్షకి మాత్రమే ఫీజు. ఇప్పుడు మూడో సంవత్సరంలో డబ్బు కట్టి ఎక్కడా చేరకు.

ఫర్మ్‌వేర్_అక్క:

నేనైతే ఈ బోర్డుని ఆర్డునోలో పూర్తి చేశాక, అదే బోర్డుని, అదే పనిని ఆ చిప్పు కంపెనీ వాళ్ల సొంత టూల్స్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో మళ్లీ రాయమంటాను. దాని అడుగున ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, కాల్ వినేది ఒక టాస్క్, కరెంటు చూసేది ఒక టాస్క్, రిలే తిప్పేది ఒక టాస్క్, మధ్యలో క్యూలు. రెండు టాస్కులు ఒకేసారి రిలేని ముట్టుకుంటే ఏమవుతుంది అనేది అప్పుడు నీకే వస్తుంది ప్రశ్న. కోడ్ మొదటి రోజు నుంచీ గిట్‌లో (ప్రతి మార్పునీ కమిట్‌గా దాచే టూల్) పెట్టు. ఇంటర్వ్యూలో నేను పూర్తయిన ప్రాజెక్టు కంటే కమిట్లు ముందు చూస్తాను, ఏం చెడింది, ఎలా కనిపెట్టావు అని. ఎనిమిది చానళ్ల చవక లాజిక్ ఎనలైజర్ ఒకటి కొనుక్కో, పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది, సీరియల్ లైను మీద నిజంగా ఏ బైట్లు పోతున్నాయో కంటితో చూడొచ్చు. మాస్టారి 9600 లెక్క కూడా అందులో కొలిచి చూడు.

పల్నాడు_ఈసీఈ:

సరే అక్కా. సెలవుల్లో ఐడీఎఫ్ మొదలుపెడతా. ఇప్పుడు కాలర్ నంబరు చూసి నాన్నది, నాది తప్ప వేరే కాల్ వస్తే పట్టించుకోకుండా చేశాను. ఖమ్మం అన్నా, కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యంది తీసుకోవాలి?

ఖమ్మం_వైండింగ్:

కాయిల్ మీద రాసి ఉంటుంది, లాగేటప్పుడు ఎంత, నిలబెట్టేటప్పుడు ఎంత అని రెండు అంకెలు. పెద్దదాన్ని చూసి తీసుకో, నీ బోర్డుకి కూడా అందులోంచే ఇస్తావు కాబట్టి కొంచెం ఎక్కువే ఉండాలి. లోపలి వైరింగ్ ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెబుతా. ఫొటో తీసే ముందు ఫ్యూజులు మూడూ పీకి టెస్టర్ పెట్టి చూసుకో, పక్కన ఇంకో మనిషిని ఉంచుకో.